తీసి ఉంచిన తలుపులు

"ముందు ఆ దుప్పటి తియ్యి అక్కా!"

వేణుమాధవ్ చేతిలో ట్రే ఒక పక్కకు ఒరిగి ఉంది. కప్పుల్లో ఉండవలసిన టీ సగం ట్రేలో ఉంది, మిగతాది అతని తెల్ల లాల్చీ మీద ఉంది. మధ్యగది గుమ్మానికి అడ్డంగా కట్టిన నీలంపూల దుప్పటి అతని నెత్తి మీద నుంచి ముసుగులా వేలాడుతోంది.

కాలనీ సంఘం సెక్రటరీ అయిన అతని కోసం వచ్చి ముందుగదిలో కూర్చున్న పెద్దలిద్దరూ పేపరు చాటున నవ్వు దాచుకున్నారు.

"ఇది ఇల్లా, టెంట్ హౌసా? పొద్దుగాలనే మనుషులొచ్చిన్రు. ఛాయ్ తెస్తుంటే మొకానికి చుట్టుకునె. ఎవరు కట్టమన్నరు దీన్ని?"

మంచం మీద కూర్చుని పైట సర్దుకుంటున్న లీలాకుమారి తమ్ముడి వంక చూడలేదు.

"తలుపు లేదు గదరా. అందుకే కట్టిన."

"లేకపోతే ఏమాయె? ఇంట్ల ఎవరున్నరు? మనమే గదా!"

పేపరు వెనక ఉన్న ఇద్దరూ 'మనమే'లోకి వస్తారో రారో అతను చెప్పలేదు. లీలాకుమారి అడగలేదు. లేచి, మేకులకు కట్టిన ముళ్ళు ఒక్కొక్కటే విప్పి, దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దిండు కింద పెట్టింది.

వంటింటి వైపు నుంచి తుడుపుగుడ్డతో వచ్చిన కల్పలత భర్త కాళ్ళ దగ్గర వంగింది. "జెర జరగండి. జారుతరు."

"నువ్వన్న చెప్పరాదు లతా, మీ వదినకు!"

కల్పలత నేల తుడిచింది. ఏం చెప్పాలి? తలుపులు పోయింది తన నోటిమాట మీదే.

*

చిలకలగూడలో ఆ ఇల్లు కట్టించింది వేణుమాధవ్ తండ్రి. రైల్వేలో పనిచేసిన మనిషి కావటం చేతనో, ఉన్న జాగా ఇరుకై పొడుగ్గా ఉండటం చేతనో, గదులను బోగీల్లా ఒకదాని వెనక ఒకటి తగిలించాడు. వీధివైపు ముందుగది. దాని వెనక మధ్యగది. దాని వెనక వంటిల్లు. ఆ వెనక పెరడు, పెరట్లో స్నానాలగది, తరవాతెప్పుడో వేసిన మేడమెట్లు.

వీధిలోంచి వచ్చి వంటింట్లోకి పోవాలన్నా, మేడ ఎక్కాలన్నా మధ్యగదిలోంచే నడిచేవారు. ఆ మధ్యగది లీలాకుమారిది. పెళ్ళి సంబంధాలు వచ్చి, పోయి, చివరికి రావటం మానేశాక ఆమె బడిలో తెలుగు టీచరుగా చేరింది. ఉద్యోగం అయిపోయింది, మోకాళ్ళు అరిగాయి, మేడ మెట్లెక్కే ఓపిక పోయింది. గది మాత్రం మారలేదు. ఆమె నిద్రపోతున్నా, జ్వరంతో మూలుగుతున్నా, మంచం పక్కనుంచి మనుషులు నడుస్తూనే ఉండేవారు. మేనల్లుడు నాగసాయి ఆ గదికి, రెండు బోగీలను కలిపే దారిలా ఉందని, 'వెస్టిబ్యూల్' అని పేరు పెట్టాడు. అందరితో పాటు మేనత్తా నవ్వింది.

ఇల్లు బాగుచేయించాలన్న కోరిక మాత్రం కల్పలతది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ పట్టపగలు లైటు వేసుకుని వంట చేసింది. ముందుగదిలో నవ్వులు వినిపించేవి. గరిటె పట్టుకుని గుమ్మందాకా వచ్చి, ఎందుకు నవ్వారో కనుక్కునేసరికి ఆ నవ్వు చల్లారిపోయేది. అందుకే, ఇంటీరియర్ పని చేసే షెకీనా తిరుమలగిరి నుంచి స్కూటీ మీద వచ్చి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, "ఈ ఇంట్ల ఫ్లో లేదాంటీ" అన్నప్పుడు, తన జబ్బుకు పేరు తెలిసినంత ఊరట కలిగింది.

మధ్యగదికీ వంటింటికీ నడుమ గోడ తీసేస్తే వెలుతురున్న పెద్ద వంటిల్లు వస్తుంది. ముందుగదికీ మధ్యగదికీ నడుమ గుమ్మం వెడల్పు చేస్తే వంటింట్లోంచి వాకిలి కనబడుతుంది. అందరూ సరే అన్నారు. లీలాకుమారి ఏమందో ఎవరికీ గుర్తులేదు. అడిగినట్టు కూడా గుర్తులేదు.

పోయిన వారం చెల్లెలి ఇంట్లో శుభకార్యానికి పోతూ, ఆటో ఎక్కబోయే ముందు, కల్పలత నాసర్ మేస్త్రీతో ఒక మాట అంది. "సిమెంటు దుమ్ము లోపల నిలవకుండ మధ్యగది తలుపులు తీసి ఉంచండి."

సాయంత్రం వచ్చి చూస్తే, తీసే ఉంచాడు. రెండు గుమ్మాల తలుపులూ చట్రాలతో సహా ఊడదీసి, గోనెసంచులు చుట్టి, పెరట్లో రేకుల కింద పడుకోబెట్టాడు.

*

కాలనీ పెద్దలు వెళ్ళాక నాసర్ వచ్చాడు. టోపీ తీసి నెత్తి గోక్కుంటూ పెరట్లో నిలబడ్డాడు.

"అమ్మా, ఇయ్యాల వంటింటి గోడ షురూ చేస్తున్నం. మిగిలిన డబ్బాలు గిట్ల జరిపిస్తరా?"

"ఆగు నాసర్ భాయ్. ఆ తలుపులు మళ్ళ బిగించరాదా?"

"గదే నాకు సమజైతలేదమ్మా. మీరే తీసి ఉంచమంటిరి. తీసిన. తీసినంక పైలంగ ఉంచిన. టేకు తలుపులు, ఒక్క గీత పడలే. ఇప్పుడేమో దినాం అడుగుతున్నరు, బిగిస్తవా, బిగిస్తవా అని."

"తీసి ఉంచమంటే తెరిచి ఉంచమని భాయ్!"

"తెరిచి అంటే తెరిచి ఉంచుదును గదమ్మా. మీరు తీసి అన్నరు."

"సరే, చౌకట్లు సుత ఎందుకు పీకినవ్?"

"గోడే పోతుంటే చౌకట్ ఎవరిని పట్టుకోని నిలబడ్తదమ్మా?"

అంతలో సందుగేటు చప్పుడైంది. షెకీనా హెల్మెట్ చంకలో పెట్టుకుని, పలక లాంటి ట్యాబు తెరుస్తూ వచ్చింది. తెర మీద వంటిల్లు తెల్లగా, విశాలంగా మెరిసింది. కిటికీలో తులసి మొక్క కూడా గీసింది.

కల్పలత ఆ బొమ్మను ఇదివరకు ఎన్నోసార్లు చూసింది. ఇవాళ వేరే దాని కోసం వెతికింది.

"ఇందుల మా వదిన మంచమేది?"

"ఇదిగోండి ఆంటీ, కార్నర్‌ల. మంచం కాదు, డే బెడ్. పగలు సోఫా లెక్క ఉంటది, రాత్రి పడుకోవచ్చు."

"దానికి తలుపేది?"

షెకీనా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది. "హాల్ల ఉన్న మంచానికి తలుపెట్ల వస్తదాంటీ? ఓపెన్ ప్లాన్ గదా. కావాలంటే కర్టెన్ వేద్దాం. మంచి ఫ్యాబ్రిక్ చూపిస్త."

కర్టెన్. అంటే దుప్పటి, కాస్త మంచి ఫ్యాబ్రిక్‌తో.

"ఆమె గది ఆమెకు ఉంచి, నా వంటిల్లు పెద్దగ చెయ్యరాదా?"

"కుదరదాంటీ. ఆ రూమన్న ఉండాలె, ఈ కిచెనన్న రావాలె. నేను అంకుల్‌ని ముందే అడిగిన. 'మా అక్క అడ్జస్టయితది, ఆమెకు అలవాటే' అన్నరు."

నాసర్ గునపం గోడకు ఆనించి, ఇద్దరి మొహాలూ చూశాడు. "మరి నన్నేం జెయ్యమంటరు?"

"ఇయ్యాల గోడ ముట్టకు భాయ్. పెరటి ప్రహరీ ప్లాస్టరింగ్ చూసుకో."

"రేపు?"

"రేపటి మాట రేపు."

అలా అని కల్పలత అక్కడి నుంచి కదిలింది. రేకుల కిందికి పోయి, ఎందుకో ఒక తలుపు మీది గోనెసంచి పక్కకు జరిపింది. పాతకాలపు టేకు. ఇన్నేళ్ళు రోజూ తోసుకుని నడిచిన తలుపే. ఇలా పడుకోబెట్టి ఎప్పుడూ చూడలేదు. గడియ ముందుగది వైపు ఉంది. రెండో తలుపు చూసింది. దాని గడియ వంటింటి వైపు ఉంది.

రెంటినీ తిప్పి చూసింది. లోపలి పక్కన గడియ లేదు సరికదా, ఎన్నడో ఉండి ఊడిన మేకుల గుర్తులు కూడా లేవు.

*

వంటింటి సామాను పెరట్లోకీ ముందుగదిలోకీ చేరినప్పటి నుంచి పొయ్యి రేకుల కిందే. మధ్యాహ్నం ఇద్దరూ పీటలు వేసుకుని చిక్కుడుకాయలు ముందేసుకున్నారు. ముందురోజు నాగసాయి ఆఫీసు నుంచి వస్తూ బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఆగి, చవకని ఒక సంచి నిండా తెచ్చి పడేశాడు. ముదురువీ లేతవీ కలిసే ఉన్నాయి.

లీలాకుమారి ఉదయం కట్టిన చీరతోనే ఉంది. తలుపులు పోయినప్పటి నుంచి ఆమె చీర మార్చుకోవటానికి స్నానాలగదికి పోతోంది. తడి నేల మీద కుచ్చిళ్ళు తడవకుండా కట్టుకోవటం ఆ మోకాళ్ళతో ఎంత కష్టమో కల్పలతకు తెలుసు. అంచు తడిసి ఉంది. చూసింది, చూడనట్టు కాయ ఒలిచింది.

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

"వదినా, ఆ తలుపులకు మీ దిక్కు గడియ ఎన్నడూ లేదా?"

"లేదు."

"ఎందుకు?"

"దారి గది గద. లోపట గడియ పెట్టుకుంటే అందరికీ తక్లీఫ్." ఒక ముదురుకాయ పక్కన పడేసింది లీలాకుమారి. "ఒక్కసారి అడిగిన నాయనను. కొత్తగ కొలువుల చేరిన దినాలు. ఆడపిల్లకు లోపట గడియెందుకు అన్నడు. మళ్ళ అడగలే."

కల్పలత చేతిలో కాయ రెండు ముక్కలైంది.

"నేను తెరిచి ఉంచమనే అన్న వదినా నాసర్‌తోని. నిజంగ."

"తెల్సు. ఆ మాట నేనూ విన్న." ఆమె పెదాల మీద చిన్న నవ్వు వచ్చింది, బడిలో పిల్లల తప్పు దిద్దేటప్పటి నవ్వు. "తీయడానికి రెండర్థాలు లతా. వాన్ని అని ఏం లాభం? నేను దిద్దుతే వానికి నూటికి నూరు మార్కులు పడ్తయి."

"మీరు ఇంట్లనే ఉన్నరు గద ఆ రోజు. వద్దనకపోతిరా?"

ప్రహరీ దగ్గర నాసర్ తాపీ గోడకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. స్టేషన్ వైపు ఏదో బండి కూసింది.

"ఆ మంచం మీదనే కూసున్న. 'పెద్దమ్మా, జెర కాళ్ళు పైకి పెట్టుకోండి' అన్నడు నాసర్. పెట్టుకున్న. నీ గది తలుపులు పీకుతున్న, పీకాల్నా అని అడగలే. వాని తప్పేముంది? అది ఒకరి గది అని తెలిస్తే గద అడగనీకి. వద్దందామని నోరు తెరిచిన. అనేటందుకు నేనెవరు అని ఆలోచిస్తుండంగనే ఒక రెక్క లేచిపాయె."

కల్పలత ఒలిచిన కాయనే మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాలిక మీద 'తీసి' అనే మాట ఆ రోజు ఎందుకొచ్చింది? తెరిచి అనొచ్చు. బార్లా పెట్టమనొచ్చు. రోజూ అనే మాటే, అలవాటుగా వచ్చింది. అంతేనా? ఆ గుమ్మాలు లేని ఇంటిని ట్యాబులో అన్నిసార్లు చూసుకుని మురిసిన మనసు, నోటికి ఆ మాటే అందించలేదు కదా? తేల్చుకోలేక వదిలేసింది.

"నీ వంటిల్లు నువ్వు కట్టుకో లతా." లీలాకుమారి మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేచింది. "ఆ చీకట్ల నువ్వు పడ్డ తిప్పలు నేను చూడలేదా? నీకూ నాకూ నడుమ ఒక్క గోడనే గద ఉన్నది."

ఆమె లోపలికి పోయింది. కల్పలత చాలాసేపు చిక్కుడుకాయల ముందే కూర్చుంది. రాత్రి భోజనాల దగ్గర చెప్పేయాలి. గోడ ఉంటుంది. వంటిల్లు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. తలుపులు మళ్ళీ బిగిస్తారు.

అనుకుంటుంటేనే ఆ తెల్లటి కిటికీ, అందులో షెకీనా గీసిన తులసి మొక్క కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయాయి.

*

భోజనాలు ముందుగదిలో, నేల మీద. చుట్టూ అట్టపెట్టెలు, పప్పుడబ్బాలు, వేణుమాధవ్ తండ్రి కుర్చీ మీద మిక్సీ. మధ్యగది గుమ్మానికి నీలంపూల దుప్పటి మళ్ళీ వచ్చింది. వేణుమాధవ్ దాన్ని చూశాడు. ఆకలి మీద ఉండి ఏమీ అనలేదు.

చిక్కుడుకాయ కూర వడ్డిస్తుంటే అడిగాడు. "ఇయ్యాల గోడ పని ఎందుకాగింది?"

"నేనే ఆపమన్న."

"ఎందుకు? షెకీనా ఏమన్న తిరకాసు పెట్టిందా?"

కల్పలత గరిటె గిన్నెలో పెట్టింది. మధ్యాహ్నం నుంచీ కూడగట్టుకున్న మాట పెదాల దాకా వచ్చింది. "ఆ వంటిల్లు..."

"ఆగు లతా." లీలాకుమారి అన్నంలో వేలు తిప్పుతూ, తల ఎత్తకుండా అంది. "నేను ముందుగదిలకు వస్తున్న."

వేణుమాధవ్ తేలిగ్గా నవ్వాడు. "రా అక్కా! ఎవరొద్దన్నరు? టీవీ ఈడనే ఉంది గద."

"టీవీకి కాదురా. ఉంటందుకు. ఇగ ఇది నా గది."

నాగసాయి ముద్ద నోటి దగ్గర ఆగింది. "అయితే డాడీ దర్బార్, అత్తమ్మా?"

"వంటింట్ల పెట్టుకోమను. ఓపెన్ కిచెన్ అంటున్నరు గద, మస్తు జాగ ఉంటది. వాళ్ళ ముచ్చట్లు మీ అమ్మకు సుత వినపడ్తయి."

"తమాషలొద్దు అక్కా." వేణుమాధవ్ గొంతు మారింది.

"తమాష కాదు. మధ్యగది, వంటిల్లు కలిపి ఏమన్న చేసుకోండి. నాకీ గది చాలు. ఈ గుమ్మానికి నాసర్ మళ్ళ చౌకట్ పెట్టి తలుపు బిగిస్తడు. గడియ నా దిక్కు ఉంటది. వీధి తలుపు తాళంచెవి నా దగ్గరుంటది."

"తాళంచెవి నీ దగ్గరుంటే మేమెట్ల రావాలె ఇంట్లకు?"

"సందు ఉన్నది గద."

ఇంటి పక్కనుంచి పెరట్లోకి పోయే సందు ఇల్లు కట్టిన నాటి నుంచీ ఉంది. పనమ్మాయి అటునుంచే వస్తుంది. పొద్దున షెకీనా అటునుంచే వచ్చింది. ఆమె మంచం పక్కనుంచి నడవకుండా ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళూ అటునుంచి రావచ్చు. కల్పలతకు ఆ సంగతి ఇప్పుడే, చేతిలో చారు గిన్నెతో ఉండగా తట్టింది.

"గ్యాస్ సిలిండర్ వచ్చే దారిల నన్ను రమ్మంటవా?"

"సిలిండర్ ఏనాడన్న ఇజ్జత్ పోయిందని ఏడ్చిందారా?"

నాగసాయికి పొలమారింది. తండ్రి చూపు చూసి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఇది నాయన కూసున్న గది అక్కా! పేరున్న మనుషులు వచ్చిపోయే గది. రేపు కాలనీల ఏమంటరు? సెక్రటరీ సందుల తిరుగుతుండంటరు."

"అంటరు. రెండు దినాలు అంటరు, మూడోనాడు వాళ్ళు సుత సందులకెల్లే వస్తరు." లీలాకుమారి మొదటిసారి తల ఎత్తింది. "నాయన కూసున్నడు. తర్వాత నువ్వు కూసున్నవ్. నేనెన్నడన్న కాదన్ననా? ఇప్పుడు నేను ఈడ తలుపేసుకోని పండుకుంట."

"ఇన్నేండ్లు లేని తలుపు ఇప్పుడెందుకు?"

లీలాకుమారి అన్నం కలుపుకుంది.

వేణుమాధవ్ భార్య వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు లతా. ఇట్లయితదా? ఎన్నడన్న అయ్యేదేనా ఇది?"

కల్పలత చారు గిన్నె కింద పెట్టింది. వదిన ఆమె వంక చూడటం లేదు. ఏ మాటన్నా భరించటానికి సిద్ధమైన మనిషిలా కంచంలోకే చూస్తోంది. మొగుడు మాత్రం చూస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో నుంచీ ఆ చూపుకు ఒకటే జవాబు అలవాటు. ఆ జవాబు కోసం వెతికితే ఇవాళ దొరకలేదు.

"సందుల లైటు లేదు," అంది.

"ఏందీ?"

"చీకటిగుంటది. రాళ్ళు సుత లేచినయి. రేపు లైటు పెట్టిపిస్త."

వేణుమాధవ్‌కు ఆ మాట అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక లేచాడు. పెరుగు గిన్నె ఇంకా మూత తీయలేదు. ఆ ఇంట్లో పెరుగన్నం తినకుండా లేచిన రోజు కల్పలతకు గుర్తులేదు.

"డాడీ, పెరుగు..." అన్నాడు నాగసాయి.

అతను వినిపించుకోలేదు. ఎంగిలి చేయి గాలిలో పట్టుకుని, దుప్పటి భుజంతో తోసుకుని మధ్యగదిలోకి పోయాడు. పోతూ, కోపమొస్తే ఎప్పుడూ చేసినట్టే, ఇల్లదిరేలా తలుపు వేయటానికి ఎడమచేయి వెనక్కి విసిరాడు.

చేతికి దుప్పటి తగిలింది. పట్టుకుని లాగితే మెత్తగా చేతిలోకి వచ్చింది, మళ్ళీ మెత్తగా జారిపోయింది.

ముగ్గురూ అటే చూస్తున్నారు. దుప్పటి ఊగి ఊగి ఆగింది.

"వేణూ," అంది లీలాకుమారి, గొంతు పెంచకుండా. "ఈ గది నాకు తయారయ్యేదాక అది నా గది. ఆడ నిలబడకు."

దుప్పటి కింద అతని పాదాలు కనబడుతున్నాయి. అవి పెరటి వైపు పోలేదు. ఇటూ రాలేదు.